కెమెరాకు పోయొస్తానని చెప్పే పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. బలసముద్రం నుంచి మా అన్న ఫోన్ చేసేటప్పటికి నేను వై.ఎన్.హొసకోటలో నా అంగట్లో కూర్చుని ఒక బోరు మోటారుకు తీగ చుడుతున్నాను. "అమ్మ లేదప్పా" అన్నాడు. "యాడికి పోయిందన్నా?" అని అడిగాను. నిజంగానే అలా అడిగాను. ఆమె ఎప్పుడూ ఎక్కడికో ఒకచోటికి పోతూనే ఉండేది కాబట్టి, అన్న ఆమెను వెతుక్కుంటున్నాడేమో అనుకున్నాను. అప్పుడు అన్న "సోలార్ ప్లాంటులో పడిపోయిందప్పా. సచ్చిపోయింది" అన్నాడు. చుడుతున్న తీగ చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తెలియలేదు.

ఆమె మా అమ్మకు అక్క. అమ్మ మంచం పట్టిన ఏళ్ళలో నన్ను సాకింది ఆమే. ఆమె కొడుకునే నేను అన్న అంటున్నాను. ఆమె పేరు ఇక్కడ రాయను. నేను ఏనాడూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు, ఇప్పుడు పత్రికలో మొదలుపెట్టడం బాగుండదు. ఇప్పటికే ఆమెకు ఒకరు ఒక పేరు పెట్టారు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళు నా కోపాన్ని కాస్త ఓర్చుకోవాలి.

పెద్దమ్మ మనిషి పొట్టి. వయసుతో నడుము వంగి ఇంకా పొట్టిదయింది. ఎండ కానీ, తుంపర కానీ, తల మీద నల్ల కంబళి ఉండాల్సిందే. ఒక మూలను ఇంకో మూలలోకి దోపి టోపీలాగా చేసుకుని, మిగిలిందంతా వీపు మీదికి వదిలేది. గొర్రెలు కాసిన ఏళ్ళలో పట్టిన అలవాటు అది. "ఇంత ఎండలో ఆ కంబళి ఏంది పెద్దమ్మా?" అంటే, "ఎండ లోపలికి రావాలంటే దీన్ని దాటుకోని రావల్ల గదరా" అనేది. కంబళి కప్పుకుని, వంగి, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని నడిచేది. మేమంతా ఎంత దూరం నుంచైనా ఆ నడక చూసి "అదో పెద్దమ్మ వస్తోంది" అనేవాళ్ళం.

నేను అంగడి పెట్టిన కొత్తల్లో ఒకాయన మోటారు కాల్చేశాను. ఆయన అంగడి ముందర నిలబడి ఊరంతా వినేట్టు తిట్టాడు. ఆ వేళకు పెద్దమ్మ బస్సు దిగి, నా కోసం సంగటి, రోట్లో నూరిన ఊరుబిండి మూట కట్టుకుని వస్తోంది. తిట్లన్నీ నిలబడి విన్నది. తర్వాత ఆయనతో, "మావోడు కాల్చినాడు, మావోడే చుట్టిస్తాడు. నువ్వు పొద్దున్నుంచి తిన్నట్టు లేదు, కూసో" అని నా సంగటి ముద్దను ఆయన ముందర పెట్టింది. ఆయన తిన్నాడు కూడా. ఇప్పటికీ ఆయన మోటారు నా దగ్గరికే వస్తుంది. ఆ పొద్దు పస్తున్నది మాత్రం నేనే.

ఆమెకు ఒక పట్టుదల ఉండేది. ఎక్కడి నుంచి కదిలినా "పోయొస్తా" అని చెప్పకుండా కదిలేది కాదు. ఇంట్లో మనుషులకు చెప్పేది. పక్కింటివాళ్ళకు చెప్పేది. మనుషులెవరూ కనబడకపోతే గొర్రెలకు చెప్పేది. మేము తొందరగా ఎక్కడికైనా పరిగెత్తి, తిరిగొచ్చాక ఆమె చేత తిన్న తిట్లన్నీ దాని గురించే. "చెప్పకుండా పోతే, ఉండామో లేమో ఎవురికి తెలుస్తాది నాయనా?" అనేది. మేము నవ్వేవాళ్ళం.

సోలార్ పార్కు వచ్చినప్పుడు ఊరందరితో పాటు ఆమె చేను కూడా లీజుకు పోయింది. బలవంతంగా లాక్కున్నారని నేను చెప్పను. వాన కోసం ఎదురుచూసి చూసి విసిగిపోయిన ఊరు మాది. చెనిక్కాయ, అదే వేరుశనగ, విత్తడం, ఎండిపోవడం, మళ్ళీ విత్తడం. ఆ గొడవ లేకుండా ఏడాదికోసారి డబ్బు వస్తుందంటే వద్దన్నవాళ్ళు లేరు. కంచె పడింది. మేత భూమి కంచె లోపలికి పోయింది, అందుకని గొర్రెలను అమ్మేసింది. గొర్రెలు లేని ఇంట్లో పెద్దమ్మ కొన్నాళ్ళు అటూ ఇటూ తిరిగి, చివరికి ఆ కంచె లోపలికే గడ్డి కోసే కూలికి పోయింది. అన్న వద్దన్నాడు. "ఇంట్లో కూసుంటే కీళ్ళు బిగుసుకుంటాయి" అని కొడవలి నడుముకు దోపుకుంది.

సోలార్ ప్లేట్ల కింద గడ్డి ఎత్తుగా పెరిగితే ప్లేటుకు నీడ పడుతుంది, నీడ పడితే కరెంటు తగ్గుతుంది. అందుకని గడ్డి కోయిస్తారు. మొదట్లో ఆడవాళ్ళంతా ఒకే వరుసలో కూర్చుని, మాట్లాడుకుంటూ, ఒకరి వెనక ఒకరు కోసుకుంటూ పోయేవాళ్ళు. సాయంత్రం వాళ్ళ మేస్త్రమ్మ గేటు దగ్గర నిలబడి పేరు పేరునా పిలిచేది. పిలిస్తే ఊ అనాలి. అప్పుడే గేటు దాటి ఆటో ఎక్కాలి. పెద్దమ్మకు ఈ పద్ధతి ఎంతో నచ్చింది. ఊ అనడంతో ఆగకుండా, "ఊ, ఉండానమ్మా, ఇంగ పోయొస్తా" అని గట్టిగా చెప్పి వచ్చేదట.

తర్వాత కంపెనీవాళ్ళు కొత్త ఏర్పాటు తెచ్చారు. వరుస వరుసకూ సెన్సర్లు. దుమ్మెంత, వేడెంత, గాలెంత, ఏ ప్లేటులో కరెంటు తగ్గింది, అన్నీ వాటంతటవే కంట్రోల్ రూముకు చేరతాయి. స్తంభాల మీద కెమెరాలు. వీటన్నిటినీ చూసి అర్థం చేసుకునేందుకు ఏఐ. నేను మోటార్లు చుట్టి బతికేవాణ్ణి, యంత్రాల మీద నాకు పగ లేదు. ఒక గడ్డి పరక నీడను అంత పెద్ద ప్లాంటులో కనిపెట్టడం గొప్ప పనే, కాదనను. పెద్దమ్మకు చెప్పినప్పుడు ఆమె మాత్రం, "ఏయ్ అంటనా దాని పేరు? పేరే గదమాయించినట్టుండాది" అని నవ్వింది. అప్పటి నుంచి మా ఇంట్లో దాన్ని అందరమూ ఏయ్ అనే పిలిచాం.

ఏయ్ వచ్చాక ఆడవాళ్ళ వరుస విడిపోయింది. ఎక్కడ నీడ పడుతోందో అది సూపర్‌వైజరు ఫోనుకు చెబుతుంది. ఆయన ఒకామెను ఇటు, ఒకామెను అటు పంపుతాడు. పక్కన మాట్లాడే మనిషి లేకుండా, ఒక్కొక్కరు ఒక్కో మూల కూర్చుని కోయాలి. ఒకసారి నేను పోయినప్పుడు అన్నం తింటూ, "ప్లేటుకు నీడ తగలగూడదంట, రవ్వంత తగిలితే దానికి తెలిసిపోతాదంట. మన నెత్తిన నీడ ఉండాదా లేదా అని చూసే ఏయ్ ఏదీ రాలేదా నాయనా?" అని అడిగింది. లేదన్నాను. "వస్తాదిలే" అంది.

సాయంత్రం పేర్లు పిలవడం కూడా ఆగిపోయింది. టైము దండగ అన్నారట. లోపల ఎంతమంది మనుషులున్నారో కెమెరాలే చూపిస్తాయి, స్క్రీన్ మీద సున్నా పడితే గేటు వేసుకోవచ్చు. మేస్త్రమ్మ ఒకటి రెండు సార్లు గొణిగి ఊరుకుంది. పెద్దమ్మ ఊరుకునే మనిషి కాదు. ఉన్నానని చెప్పుకోకుండా పని చోటు వదిలి రావడం ఆమెకు చేతకాలేదు. మేస్త్రమ్మను అడిగితే, "ఇంగ ఆ కెమెరానే లెక్క పెట్టుకుంటాదంటక్కా" అంది. సరే అని పెద్దమ్మ ఆ పొద్దు నుంచి కెమెరాకే చెప్పడం మొదలుపెట్టింది. దగ్గర్లో ఉన్న స్తంభం కిందికి పోయి, తల పైకెత్తి, "అప్పా, పోయొస్తా" అనేది. పొద్దున వచ్చినప్పుడు కూడా "వచ్చినానప్పా" అనేది. తోటివాళ్ళు ఎంత నవ్వినా మానలేదు. నాకు ఈ సంగతి చెప్పి అన్న కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. దానికి చెవులు లేవని ఆమెకు ఎవరమూ విడమరచి చెప్పలేదు. తెలిసే చేస్తోందిలే, తమాషాకు చేస్తోందిలే అనుకున్నాం.

ఆ రోజు ఉత్తర కార్తె ఎండ మాడ్చేస్తోంది. ముందు వారం పడిన వానకు గడ్డి బాగా లేచింది. సూపర్‌వైజరు ఆమెను ఒక్కదాన్నే దూరంగా ఉన్న మూలకు పంపాడు. అది ఒకప్పుడు ఆమె చేనే అని రాస్తే ఈ రాతకు బాగా అతుకుతుందని నాకు తెలుసు. కాదు. అది ఎవరి చేనో నాకు తెలియదు. ఆ ప్లేట్ల అడుగున ఎవరి గట్టు ఎక్కడుందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

సాయంత్రం మిగతా ఆడవాళ్ళు వచ్చేశారు. పెద్దమ్మ ఎప్పుడన్నా అలసిపోతే కెమెరాకు చెప్పి ముందుగానే వేరే గేటు నుంచి నడిచి ఇంటికి వచ్చేసేది, అలాగే పోయిందనుకున్నారు. అన్న ఇంట్లో చూసి చూసి, పొద్దు మునగకముందే గేటు దగ్గరికి పోయాడు. గార్డు స్క్రీన్ చూపించాడు. "చూడప్పా, సున్నా. లోపల ఎవురూ లేరు" అన్నాడు. "మాయమ్మ ఇంటికి రాలేదప్పా" అన్నాడు అన్న. "అయితే ఊర్లో చూసుకోపో. ఈడ ఉంటే మిషన్ చూపియ్యదా?" అన్నాడు గార్డు. అన్న ఊరిలోకి తిరిగి వచ్చి మేస్త్రమ్మను పిలుచుకుపోయాడు. ఆమె గార్డుతో మాట్లాడలేదు. కంచె పట్టుకుని పెద్దమ్మను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది, అంతకు ముందు సాయంత్రాల్లో పిలిచినట్టే. కంచె వెంబడి నడుస్తూ పిలిచింది. ఊ అనే గొంతు రాలేదు. ఆమె ఏడుపు చూసి గార్డే భయపడి గేటు తీశాడు.

పెద్దమ్మ కెమెరా స్తంభం మొదలు దగ్గర దొరికింది. తల మీద కంబళి అలాగే ఉంది. ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉందని అన్న చెబుతాడు. ఎండదెబ్బ అన్నారు డాక్టర్లు.

మట్టి చేసిన తర్వాత కంపెనీ మేనేజరు కబురు పెడితే అన్న వెంట నేనూ పోయాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు, కన్నడలో. ఇళ్ళల్లో తెలుగే అయినా మా ఊర్లు కన్నడ నాడులోవి. జరిగింది చాలా బాధాకరం, అయితే పని వేళ ముగిశాక లోపల మనుషులెవరూ లేరని సిస్టమ్‌లో ఉంది, కాబట్టి ఆమె పని ముగించుకుని పోయి, తర్వాత ఎలాగో తనంతట తాను లోపలికి వచ్చి ఉండాలి అన్నాడు. మా అన్న మెత్తని మనిషి. ఆ మాటకు లేచి నిలబడ్డాడు. "మాయమ్మ చెప్పకుండా వచ్చేదీ లేదు, చెప్పకుండా పోయేదీ లేదు సార్. ఆ పొద్దు కెమెరాలో ఏం పడిందో చూపీండి" అన్నాడు. చూపించనన్నారు. అన్న కదలలేదు. కంట్రోల్ రూం ముందర నేల మీద కూర్చున్నాడు. గడ్డి కోసే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. అప్పుడు చూపించారు.

అక్కడి ఇంజినీరు కడప వైపు అబ్బాయి, చిన్నవాడు. అతనే వీడియో పెట్టాడు. పని వేళ ముగిసిన కాసేపటికి, ప్లేట్ల నీడలోంచి ఒక నల్లటి రూపం బయటికి వచ్చింది. మోకాళ్ళ మీద, చేతుల మీద, కంబళి నేలకు రాసుకుంటూ పాకుతోంది. కొంచెం పాకి ఆగుతుంది. మళ్ళీ కొంచెం పాకుతుంది. గేటు వైపు పోవడం లేదు. కెమెరా వైపే వస్తోంది. ఆ రూపం చుట్టూ ఆకుపచ్చ గీతలతో ఒక పెట్టె ఉంది, అది ఆమెతో పాటు కదులుతోంది. పెట్టె మీద ఇంగ్లీషులో ఒక మాట. అన్న కన్నడ మీడియంలో చదివాడు, అక్షరాలు కూడబలుక్కుని పైకే చదివాడు. "యానిమల్."

ఆ అబ్బాయే తల వంచుకుని చెప్పాడు. కంచె సందుల్లోంచి గొర్రెలు, కుక్కలు, పందులు వస్తూ ఉంటాయి. వాటిని చూసినప్పుడల్లా అలారం మోగుతుంటే గార్డులు తట్టుకోలేకపోయారు. అందుకని జంతువైతే మోగకుండా, పని వేళ దాటాక మనిషి కనబడితేనే మోగేట్టు పెట్టారు. అది రాగి తీగల దొంగల కోసం. "పట్టుకోవడం అయితే పట్టుకుందన్నా. ఏమని అనుకోవాలో అక్కడ తప్పింది" అన్నాడు. వంగి కంబళి కప్పుకున్న మనిషిని అదెప్పుడూ చూసి నేర్చుకోలేదట.

వీడియో చివర్లో పెద్దమ్మ స్తంభం కిందికి వచ్చింది. తల పైకెత్తింది. ఆ మొహం స్క్రీన్ నిండా కనబడింది, ఎండకు కమిలిపోయిన మొహం. పెదాలు కదులుతున్నాయి. కెమెరాకు చెబుతోంది. ఏం చెప్పిందో తెలియదు, కెమెరాకు చెవులు లేవు. నీళ్ళు అడిగిందో, అన్నను పిలిచిందో, ఎప్పటిలాగే పోయొస్తా అన్నదో. మొహం చుట్టూ ఉన్న పెట్టె మీద మాత్రం ఆ మాట మారలేదు. నేను చాలా మంది చావులు చూశాను. వీడియో చూసి బయటికి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చినట్టు ఎప్పుడూ ఏడవలేదు. ఇంత రాస్తున్నా ఆ ఏడుపు తగ్గలేదు, కోపం అసలే తగ్గలేదు.

అన్న ఒక్కటే అడిగాడు. "ఆ మాట తీసేసి మనిషి అని రాయండి సార్. నాకింకేం వద్దు." మేనేజరు కుదరదన్నాడు. సిస్టమ్ ఏం చూసిందో అదే ఉండాలి, దాన్ని మార్చడం తప్పవుతుంది అన్నాడు. అది కూడా మర్యాదగానే చెప్పాడు. కంపెనీ మానవతా దృక్పథంతో కొంత సాయం చేస్తుందని కూడా అన్నాడు. జంతువని రాసిపెట్టుకున్న మనిషికి మానవతా దృక్పథం. అన్న ఆ డబ్బు తీసుకున్నాడు. తీసుకోవద్దని చెప్పడానికి నేనెవరిని? ఆ డబ్బు వచ్చాక కూడా అన్న కంపెనీ ఆఫీసుకు పోయిన ప్రతిసారీ ఆ మాట గురించే అడిగాడు. ప్రతిసారీ అదే జవాబు.

కడప అబ్బాయి మనసు మంచిది. ఒకరోజు అన్నను పక్కకు పిలిచి, "అన్నా, పాత రికార్డు నేను మార్చలేను. కానీ అమ్మ వీడియో అంతా మనిషి అని గుర్తు పెట్టి మిషన్‌కు నేర్పించినాము. ఇకమీదట ఇట్లాంటోళ్ళను అది జంతువనుకోదు" అన్నాడు. సంతోషిస్తాడనుకున్నాడు పాపం. అన్న అతని వైపే చూస్తూ, "బడి మొగం చూడని మనిషి. సచ్చిపోయి మీ మిషన్‌కు అక్షరాలు దిద్దించిందా అప్పా?" అన్నాడు.

మొన్న పెద్దమ్మ కొడవలి, అన్నం డబ్బా గేటు దగ్గరే ఉన్నాయి, తీసుకుపొమ్మని చెబితే పొద్దున్నే అన్నతో పాటు పోయాను. ఆడవాళ్ళు పనికి వచ్చే వేళ. ఇప్పుడు కంబళి కప్పుకోవడం లోపల నిషేధం. మిషన్ పూర్తిగా నేర్చుకునేదాకా జాగ్రత్త కోసమని ఇంకో పద్ధతి కూడా పెట్టారు. గేటు దాటగానే కెమెరా స్తంభం ముందర ఒక్కొక్కరూ ఆగాలి. నిటారుగా నిలబడాలి. చెయ్యి పైకెత్తాలి. గార్డు స్క్రీన్ చూసి, మనిషి అని పడితేనే లోపలికి పొమ్మంటాడు.

ఒక్కొక్కరే వచ్చి ఎండలో నిలబడుతున్నారు, చెయ్యెత్తుతున్నారు. "ఊ, మనిషే. పో" అంటున్నాడు గార్డు. "మనిషే. పో." అందరి వెనక మేస్త్రమ్మ వచ్చింది. ఆమె నడుమూ వంగిపోయింది. ఒక చేత్తో స్తంభం పట్టుకుని నిటారుగా లేవబోయింది. లేవలేకపోయింది. "చెయ్యెత్తు మేస్త్రమ్మా, నిగుడుకోని నిలబడు, ఇంకా పడలేదు" అన్నాడు గార్డు. ఆమె స్తంభం వదిలేసి, వంగిన నడుము మీదే ఊగుతూ, రెండు చేతులూ పైకెత్తింది. గార్డు ఇంకా స్క్రీన్ వైపే చూస్తున్నాడు.